పొలం నుంచి ఒకటి, పందెం నుంచి ఒకటి: రేంజ్ రోవర్ స్పోర్ట్, పోర్షే కయెన్‌ల చరిత్ర

రేంజ్ రోవర్ స్పోర్ట్, పోర్షే కయెన్ ఇవాళ ఒకే వరసలో నిలిచే వాహనాలు. రెండూ రెండు టన్నులు దాటిన బరువైన ఎస్‌యూవీలు. రెండింటిలోనూ పైస్థాయి రకాలు 600కు పైగా హార్స్‌పవర్‌తో, నాలుగు సెకన్లు నిండకముందే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి. కొనేవాళ్లు కూడా ఇంచుమించు ఒక తరహా వాళ్లే. అయితే అవి ఇక్కడికి చేరుకున్న దారులు ఎదురెదురు దిక్కులవి. ఒకటి పొలం పనికి పుట్టిన బండి వంశంలోది. వేగాన్ని తర్వాత నేర్చుకుంది. రెండోది పందెపు కార్ల ఇంట పుట్టింది. బురదలో నడవడం తర్వాత నేర్చుకుంది. ఇన్నేళ్ల పోటీలో ఏది దేన్ని వదులుకుంది, దేన్ని వదలకుండా పట్టుకుంది అన్నది ఆ పుట్టుకను బట్టే అర్థమవుతుంది.

ఒకే ఏడాది రెండు పుట్టుకలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్ ఉండేది. ఎగుమతులు చేసే కంపెనీలకే ముడిసరుకు ముందుగా దక్కేది. రోవర్ కార్ల కంపెనీలో ప్రధాన ఇంజినీరుగా ఉన్న మారిస్ విల్క్స్‌కు వేల్స్ తీరంలోని ఆంగ్లసీ దీవిలో పొలం ఉంది. అక్కడి పనులకు ఆయన సైన్యం అమ్మేసిన పాత విల్లీస్ జీపు వాడేవాడు. తెలుగునాట దశాబ్దాల పాటు అధికారుల పర్యటనలకూ, పోలీసు పనికీ, ఎన్నికల ప్రచారానికీ తిరిగిన జీపు కూడా ఆ విల్లీస్ వంశంలోదే. విల్క్స్ జీపు పాతబడితే దాని స్థానంలో కొనడానికి మరొకటి లేదన్న ఆలోచన నుంచి ల్యాండ్ రోవర్ పుట్టింది. 1947లో ఆంగ్లసీలోని రెడ్ వార్ఫ్ బే ఇసుక మీద విల్క్స్ దాని రూపురేఖలు గీసి, కంపెనీ మేనేజింగ్ డైరెక్టరైన అన్న స్పెన్సర్ విల్క్స్‌కు చూపించాడని ప్రసిద్ధి. ఉక్కు కరువు కాబట్టి పైతొడుగుకు అల్యూమినియం మిశ్రమలోహం వాడారు. వంపులు తిప్పే అచ్చుల ఖర్చు లేకుండా రేకును చదునుగానే ఉంచారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ ప్రదర్శనలో ఆ బండి లోకానికి కనిపించింది.

ఆ తర్వాత ఆరు వారాలు కూడా గడవకముందే, 1948 జూన్ 8న, ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్లో మరో బండి రోడ్డెక్కడానికి అనుమతి పొందింది. అది పోర్షే పేరుతో వచ్చిన తొలి కారు, 356. ఫెర్డినాండ్ పోర్షే 1931లో స్టుట్‌గార్ట్‌లో స్థాపించిన ఇంజినీరింగ్ కార్యాలయం యుద్ధకాలంలో గ్ముండ్‌కు తరలింది. కొడుకు ఫెర్రీ పోర్షే ఆధ్వర్యంలో తయారైన ఆ చిన్న కారు తేలికగా, నేలకు దగ్గరగా ఉండేది. దాని తర్వాత 1964లో అమ్మకానికి వచ్చిన 911 ఆ సంస్థకు శాశ్వతమైన గుర్తింపు అయింది.

కయెన్ కంటే చాలా ముందే పోర్షే ఒకసారి బురదలో దిగింది. 1950ల మధ్యలో పశ్చిమ జర్మనీ సైన్యం తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని అడిగినప్పుడు, 356 ఇంజిను వెనక అమర్చి 597 యాగ్ట్‌వాగెన్ అనే వాహనాన్ని తయారు చేసింది. బండి గట్టిదే కానీ ఖరీదు ఎక్కువైంది. ఆర్డరు డీకేడబ్ల్యూ కంపెనీకి దక్కింది. పోర్షే తయారు చేసినవి 71 మాత్రమే. ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆ సంస్థ అలాంటి బండి జోలికి వెళ్లలేదు.

నీళ్లతో కడిగే విలాసం

ల్యాండ్ రోవర్ ఎంత దూరమైనా వెళ్లగలదు, కానీ హాయిగా వెళ్లలేదు. కమాన్ కట్టల మీద ప్రయాణం ఒళ్లు హూనం చేసేది. 1960ల నడుమ రోవర్ ఇంజినీరు స్పెన్ కింగ్, సహచరుడు గోర్డన్ బాష్‌ఫర్డ్ ఆ లోటు తీర్చే పని మొదలుపెట్టారు. కింగ్ విల్క్స్ సోదరులకు మేనల్లుడు. బరువైన కమాన్ కట్టలు తీసేసి, చక్రం పైకీ కిందికీ చాలా దూరం కదలగలిగే కాయిల్ స్ప్రింగులు పెట్టడం వాళ్లు చేసిన ముఖ్యమైన మార్పు. నాలుగు చక్రాలూ నేలను వదలకుండా పట్టుకుంటే బండికి బురదలో పట్టు దొరుకుతుంది, రోడ్డు మీద కుదుపు తగ్గుతుంది. ఒకే ఉపాయం రెండు పనులకూ అక్కరకొచ్చింది.

ఇంజిను కోసం రోవర్ 1965లో అమెరికాకు చెందిన బ్యూయిక్ నుంచి అల్యూమినియం వి8 హక్కులు కొన్నది. మూడున్నర లీటర్ల ఆ ఇంజిను బరువు తక్కువ, బలం సుమారు 135 హార్స్‌పవర్. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు తోడయ్యాయి. 1970 జూన్‌లో రేంజ్ రోవర్ మార్కెట్లోకి వచ్చింది. ధర 1,998 పౌండ్లు, అత్యధిక వేగం గంటకు సుమారు 150 కిలోమీటర్లు.

ఆ తొలి రేంజ్ రోవర్‌కు తలుపులు రెండే. సీట్లు తోలువి కావు, వినైల్‌వి. డ్యాష్‌బోర్డు గట్టి ప్లాస్టిక్‌ది. నేల మీద తివాచీ బదులు రబ్బరు పరిచారు. బురద కాళ్లతో ఎక్కిన రైతు సాయంత్రం గొట్టంతో నీళ్లు కొట్టి లోపలంతా కడుక్కోగలిగేలా దాన్ని తీర్చిదిద్దారు. ఇప్పటి రేంజ్ రోవర్ లోపలి తోలునూ చెక్కపనినీ చూసినవాళ్లు ఇది అదే బండి అంటే నమ్మడం కష్టం. నగరాల్లో హోదా కోసం ఈ బళ్లను తిప్పేవాళ్లను కింగ్ తన చివరి ఏళ్లలో బహిరంగంగానే తప్పుపట్టాడు. తాను ఇందుకు తయారు చేయలేదన్నది ఆయన బాధ.

దాని సత్తాకు తొలి పెద్ద పరీక్ష 1971 చివర్లో మొదలైంది. జాన్ బ్లాష్‌ఫర్డ్-స్నెల్ నాయకత్వంలో బ్రిటిష్ సైనిక బృందం రెండు రేంజ్ రోవర్లతో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొసదాకా ప్రయాణం కట్టింది. పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవి అడ్డొచ్చింది. అక్కడ రోడ్డే లేదు. మోయలేనంత సామాను, చిత్తడి నేల కోసం వేసిన పెద్ద టైర్లు కలిసి డిఫరెన్షియల్‌లను పిండి చేశాయి. కొత్త భాగాలు తెప్పించి, బరువు తగ్గించి, ముందు దారి చూడడానికి ఒక పాత ల్యాండ్ రోవర్‌ను పెట్టుకుని బృందం కదిలింది. సుమారు 400 కిలోమీటర్ల ఆ అడవిని దాటడానికి మూడు నెలలకు పైగా పట్టింది.

రేంజ్ రోవర్ విలాసం వైపు నడిచింది ముందుగా కొనుగోలుదారుల కోరిక మీదే. నాలుగు తలుపుల బండి కావాలనుకున్నవాళ్లకు స్విట్జర్లాండ్‌లోని మోంటెవెర్డి సంస్థ మార్చి ఇచ్చేది. 1981లో కంపెనీయే నాలుగు తలుపులు పెట్టింది. వేగం కావాలనుకున్నవాళ్లకు 1975 నుంచి షూలర్ అనే సంస్థ పెద్ద షెవర్లే వి8 ఇంజిన్లు అమర్చింది. అదే తర్వాత ఓవర్‌ఫించ్‌గా పేరు మార్చుకుంది. ఆ తర్వాత ఆటోమేటిక్ గేర్లు, ఏబీఎస్ బ్రేకులు, గాలి సస్పెన్షన్ ఒక్కొక్కటిగా చేరాయి. వేగవంతమైన రేంజ్ రోవర్ కావాలన్న కోరిక కంపెనీ లోపల కంటే బయటే ముందు పుట్టింది.

రెండు వంశాలనూ నడిపిన డ్రైవరు

కయెన్ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే ఈ రెండు పేర్లూ ఒకే ఇసుకలో పోటీపడ్డాయి. పారిస్-డాకర్ ర్యాలీ తొలిసారి 1979లో జరిగినప్పుడు కార్లలో ముందు నిలిచింది రేంజ్ రోవర్. 1981లో ఫ్రాన్స్‌కు చెందిన రెనే మెట్జ్ మళ్లీ రేంజ్ రోవర్‌తోనే గెలిచాడు. అదే మెట్జ్ 1984లో ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చిన పోర్షే 911తో గెలిచాడు. 1986లో పోర్షే 959తో మూడోసారి గెలిచాడు.

సహారా ఇసుకలో పొలం బండి వేగంగా పరిగెత్తగలదని ఆయన తొలి గెలుపు చూపింది. నేలకు ఆనుకుని పరిగెత్తే కారు ఇసుకను దాటగలదని తర్వాతి రెండూ చూపాయి. అవసరాన్ని బట్టి ముందు, వెనక చక్రాలకు బలాన్ని పంచే 959 ఏర్పాటు ఆ కాలానికి చాలా ముందున్నది. మట్టిలో నడిచే విద్య పోర్షేకు తెలుసు. దాన్ని అమ్మకానికి పెట్టవలసిన అవసరం మాత్రం అప్పటికి రాలేదు.

అప్పుల ఒడ్డున పోర్షే

ఆ అవసరం 1990ల మొదట్లో వచ్చింది. 1986 ప్రాంతంలో ఏటా 50 వేలు దాటిన పోర్షే అమ్మకాలు 1993 నాటికి సుమారు 14 వేలకు పడిపోయాయి. డాలరు విలువ తగ్గడంతో అమెరికాలో ధరలు మండిపోయాయి. తయారీ పద్ధతులు పాతబడ్డాయి. సంస్థ చేతులు మారుతుందన్న మాట గట్టిగా వినిపించిన రోజులవి.

అప్పుడు పగ్గాలు అందుకున్న వెండెలిన్ వీడెకింగ్ టయోటా పద్ధతులు తెలిసిన జపాన్ నిపుణులను పిలిపించాడు. ఫ్యాక్టరీలో విడిభాగాల అరలు మనిషిని మించిన ఎత్తున ఉండేవి. పనివాళ్లు ఎక్కి దిగుతూ భాగాలు వెతుక్కునేవాళ్లు. వీడెకింగ్ రంపం అందుకుని ఒక వరస అరలను సగానికి కోసేశాడు. అవసరమైనంత సరుకే, అవసరమైన వేళకే ఉండాలన్న పాఠం ఆ కోతతో ఫ్యాక్టరీ అంతటికీ అర్థమైంది.

ఖర్చు తగ్గింది, 1996లో బాక్స్‌టర్ అనే కొత్త స్పోర్ట్స్ కారు వచ్చి అమ్మకాలు కోలుకున్నాయి. అయినా రెండు స్పోర్ట్స్ కార్ల మీదే సంస్థ బతకడం ప్రమాదమని తేలింది. 911 ఉన్నవాళ్ల ఇంట్లో కుటుంబం కోసం వాడే రెండో బండి వేరే కంపెనీ ఎస్‌యూవీ అవుతోంది. ఆ చోటు తామే నింపాలని పోర్షే నిర్ణయించుకుంది. ఒంటరిగా మోయలేని ఖర్చు కాబట్టి ఫోక్స్‌వ్యాగన్‌తో చేతులు కలిపింది. 1998లో ఒప్పందం ప్రకటించారు. పునాది నిర్మాణం ఉమ్మడి, తయారీ విద్య పోర్షేది. అదే పునాది మీద ఫోక్స్‌వ్యాగన్ టువరెగ్ వచ్చింది. కయెన్ బాడీలు స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో తయారై, రైళ్లలో జర్మనీకి చేరేవి. వాటిని పూర్తి చేయడానికి లైప్‌సిగ్‌లో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. దానికి ప్రభుత్వం ఇవ్వజూపిన సబ్సిడీని వీడెకింగ్ తీసుకోలేదు.

2002 సెప్టెంబరులో పారిస్ ప్రదర్శనలో కయెన్ మీద తెర తీశారు. ఆ పేరు ఒక రకం ఘాటైన మిరపది. కయెన్ టర్బోలో నాలుగున్నర లీటర్ల వి8, రెండు టర్బోలు, 450 హార్స్‌పవర్. 100 కిలోమీటర్ల వేగానికి 5.6 సెకన్లు, అత్యధిక వేగం గంటకు 266 కిలోమీటర్లు. బరువు రెండుంపావు టన్నులు దాటింది. 911 అభిమానులు నొచ్చుకున్నారు; ఆకారం బాగాలేదన్నారు, వంశ గౌరవం పోయిందన్నారు.

అయితే ఆ తొలి కయెన్‌ను పైపై మెరుగు బండిగా పోర్షే తయారు చేయలేదు. రాళ్ల మీద నిదానంగా పాకడానికి లో రేంజ్ గేర్లు ఇచ్చింది. గాలి సస్పెన్షన్‌తో నేల నుంచి ఎత్తు 273 మిల్లీమీటర్ల దాకా పెరిగేది. అరమీటరుకు పైగా లోతు నీళ్లలో నడిచేది. మామూలుగా బలంలో 62 శాతం వెనక చక్రాలకూ 38 శాతం ముందు చక్రాలకూ పంచేది. వెనక చక్రాల బండిని నడిపే అనుభూతి పోకూడదన్నది ఆ లెక్క వెనక ఉద్దేశం. మాస్కో నుంచి మంగోలియాలోని ఉలాన్‌బాటర్ దాకా సాగిన ట్రాన్స్‌సైబీరియా ర్యాలీలో 2007లో మొదటి మూడు స్థానాలూ కయెన్‌లకే దక్కాయి.

ఏటా 25 వేలు అమ్ముడవుతాయని అనుకున్న బండి తొలి తరంలోనే 2,76,652 అమ్ముడైంది. ఆ ఆదాయం సంస్థను నిలబెట్టింది. 911 తర్వాతి తరాలు నిశ్చింతగా తయారయ్యాయి.

యజమానులు మారినా పట్టు వదలని రేంజ్ రోవర్

ఈ కాలంలో ల్యాండ్ రోవర్ చేతులు మారుతూ వచ్చింది. 1994లో బీఎండబ్ల్యూ కొన్నది. 2000లో ఫోర్డ్‌కు అమ్మింది. ఒక్కో యజమాని ఒక్కో ఇంజిను తెచ్చాడు. 2001లో చూపిన మూడో తరం రేంజ్ రోవర్‌లో ముందు బీఎండబ్ల్యూ వి8 ఉండేది. ఫోర్డ్ కాలంలో అప్పటికే దాని చేతిలో ఉన్న జాగ్వార్ ఇంజిను వచ్చింది.

కయెన్‌కు జవాబుగా 2004లో డెట్రాయిట్‌లో రేంజ్ స్టార్మర్ అనే నమూనా చూపించి, 2005లో రేంజ్ రోవర్ స్పోర్ట్‌ను అమ్మకానికి పెట్టారు. సూపర్‌ఛార్జర్ బిగించిన 4.2 లీటర్ల జాగ్వార్ వి8 సుమారు 390 హార్స్‌పవర్ ఇచ్చేది. పరుగులో కయెన్ టర్బోకు అది చాలా వెనకే ఉంది. ల్యాండ్ రోవర్ మరో బండి డిస్కవరీ 3తో పంచుకున్న ఉక్కు పునాది బరువైనది. కానీ మట్టి విద్యలో దానికి ఎదురులేదు. టెర్రెయిన్ రెస్పాన్స్ అనే ఏర్పాటులో ఒక బిళ్ల తిప్పితే చాలు. గడ్డి, మంచు, బురద, ఇసుక, రాయి ఏదో చెప్పగానే ఇంజిను, గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ దానికి తగ్గట్టు సర్దుకునేవి. ఆరితేరిన డ్రైవరుకు అలవాటుగా తెలిసిన పని కొత్తవాళ్లకూ అందింది.

2008లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకు జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొన్నది. ఆ వెంటనే ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచెత్తినా కొత్త బళ్ల మీద ఖర్చు ఆగలేదు. 2012లో వచ్చిన రేంజ్ రోవర్, 2013లో వచ్చిన రెండో తరం స్పోర్ట్ పూర్తిగా అల్యూమినియం బాడీతో వచ్చాయి. పాతదానితో పోలిస్తే స్పోర్ట్ బరువు 420 కిలోల దాకా తగ్గింది. 1948లో ఉక్కు దొరక్క వాడిన లోహాన్నే ఈసారి కావాలని ఎంచుకున్నారు. నీళ్లలో నడిచే లోతు 850 మిల్లీమీటర్లకు పెరిగింది. బరువు తగ్గాకే ఈ బండికి నిజమైన వేగం వచ్చింది.

నూర్‌బుర్గ్‌రింగ్ లెక్కలు

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తర బాట 20 కిలోమీటర్లకు పైగా పొడవున అడవి గుండా ఎత్తుపల్లాలతో సాగుతుంది. వేగంగా నడిచే కార్లన్నిటికీ అది గీటురాయి. ఎత్తైన బండికి అక్కడ కష్టాలు రెండు. మలుపులో బరువంతా బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ రెండు టన్నుల వేగం వేడిగా మారి డిస్కులను కాలుస్తుంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది.

2014లో 550 హార్స్‌పవర్ రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీఆర్ ఆ బాటను 8 నిమిషాల 14 సెకన్లలో చుట్టింది. ఆ తర్వాత కొద్ది నెలలకే 570 హార్స్‌పవర్ కయెన్ టర్బో ఎస్ 7 నిమిషాల 59.74 సెకన్ల లెక్క చూపింది. 2021 జూన్‌లో 640 హార్స్‌పవర్ కయెన్ టర్బో జీటీ 7 నిమిషాల 38.925 సెకన్లకు దాన్ని దించింది. నడిపింది పోర్షే టెస్ట్ డ్రైవరు లార్స్ కెర్న్.

ఆ అంకెల కోసం కయెన్ చాలా వదులుకుంది. 2010లో వచ్చిన రెండో తరంలో లో రేంజ్ గేర్లు తీసేసి బండిని దాదాపు 180 కిలోలు తేలిక చేశారు. టర్బో జీటీ మామూలు టర్బో కూపే కంటే 17 మిల్లీమీటర్లు కిందికి దిగింది, సీట్లు నాలుగే. 100 కిలోమీటర్ల వేగానికి 3.3 సెకన్లు, అత్యధికంగా గంటకు 300 కిలోమీటర్లు. ఇది తారు రోడ్డు బండి.

రేంజ్ రోవర్ తన సత్తా వేరే చోట్ల చూపించుకుంది. 2013లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండను 12 నిమిషాల 35.61 సెకన్లలో ఎక్కింది. 2018లో చైనాలోని తియాన్‌మెన్ కొండ మీద 99 మలుపుల రోడ్డు దాటి, గుహద్వారం దాకా ఉన్న 999 మెట్లను హైబ్రిడ్ స్పోర్ట్ ఎక్కేసింది. ఆ మెట్లు కొన్నిచోట్ల 45 డిగ్రీల వాలున్నవి. లో రేంజ్ గేర్లు ఎస్‌వీఆర్‌లోనూ ఉన్నాయి, 2023లో వచ్చిన 635 హార్స్‌పవర్ స్పోర్ట్ ఎస్‌వీలోనూ ఉన్నాయి. ఎస్‌వీ గంటకు 290 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 100 చేరడానికి 3.8 సెకన్లు. బరువు మాత్రం దాదాపు రెండున్నర టన్నులు, టర్బో జీటీది సుమారు 2,220 కిలోలు. ఎస్‌వీలోని 4.4 లీటర్ల వి8 మళ్లీ బీఎండబ్ల్యూదే.

ఒరుగుడుకు రెండూ చెప్పిన జవాబుల్లోనూ ఆ తేడా ఉంది. కయెన్ ముందు వెనక ఇరుసుల మీది యాంటీ రోల్ బార్లను 48 వోల్టుల ఎలక్ట్రిక్ మోటార్లతో మెలిపెట్టి బండిని నిటారుగా నిలుపుతుంది. స్పోర్ట్ ఎస్‌వీలో ఆ బార్లే లేవు. నాలుగు చక్రాల డ్యాంపర్లను నూనె గొట్టాలతో కలిపారు. మలుపులో ఒక పక్క కుంగబోతే నూనె ఒత్తిడి దాన్ని నిలబెడుతుంది. రాళ్ల మీద ఆ ఒత్తిడి వదిలి చక్రాలను విడివిడిగా కదలనిస్తుంది. స్పెన్ కింగ్ కాయిల్ స్ప్రింగులతో వెతికిన మేలు ఇదే: నాలుగు చక్రాలకూ నేల అందాలి.

భారతదేశంలోనూ, ఆ తర్వాతా

భారతదేశంలో ఈ రెండింటి దారులు 2024లో విడిపోయాయి. అప్పటిదాకా బ్రిటన్‌లోని సోలిహల్‌ నుంచి వచ్చిన రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్‌లను ఆ ఏడాది పుణెలో బిగించడం మొదలైంది. బ్రిటన్ బయట ఆ పని జరగడం అదే తొలిసారని కంపెనీ చెప్పింది. సుంకం భారం తగ్గి ధరలు దిగాయి. కయెన్ పూర్తిగా తయారైన బండిగానే దిగుమతి అవుతోంది.

2025 చివర్లో పోర్షే పూర్తి ఎలక్ట్రిక్ కయెన్‌ను చూపింది. దాని టర్బో రకం బలం వెయ్యి హార్స్‌పవర్ దాటింది. రేంజ్ రోవర్ కూడా తన ఎలక్ట్రిక్ బండిని స్వీడన్ మంచులోనూ ఎడారి ఇసుకలోనూ పరీక్షించింది. ఎలక్ట్రిక్ మోటారు కదలిక మొదలైన క్షణం నుంచే పూర్తి తిప్పుబలం ఇస్తుంది. ఒక్కో చక్రానికి అందే బలాన్ని సెకనులో వెయ్యో వంతు లెక్కన దిద్దవచ్చు. రాళ్ల మీద నిదానంగా పాకడానికి లో రేంజ్ గేర్లు అక్కర్లేదు, తారు మీద దూకడానికి టర్బోలు అక్కర్లేదు. ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే చక్రాల్లో ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టి కార్లు తయారు చేశాడు. 1948లో విడివిడిగా బయల్దేరిన రెండు వంశాలకూ ఇప్పుడు ఒకే రకం యంత్రం దక్కింది. దానితో ఒకటి బాట చుట్టే కాలాన్ని తగ్గించే పనిలో ఉంటే, రెండోది ఇసుకలో చక్రం జారకుండా ఆపే పనిలో ఉంది.